చారలొస్తయా అమ్మీ?

ఉడుత వీపు మీది మూడు చారలు రాముడి వేళ్ళ గుర్తులని మాకూ తెలుసు. ఆ ముచ్చట మాకు బయటివాళ్ళెవరో వచ్చి చెప్పింది కాదు. సర్కారు బడిలో తెలుగు సారు చెప్పాడు. ఎనుకింటి పెద్దమ్మ చెప్పింది. ఎండాకాలం రాత్రులు వాకిట్లో మంచాలేసుకుని పండుకున్నప్పుడు వాడ వాడంతా చెప్పుకుంది. వారధి కడుతుంటే ఒక ఉడుత ఇసుకలో పొర్లి, ఒంటికంటిన ఇసుకను తెచ్చి రాళ్ళ సందుల్లో దులిపిందనీ, రాముడు మెచ్చి దాని వీపు నిమిరాడనీ. చాలా ఏళ్ళకు, బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదువుకునేటప్పుడు తెలిసింది, ఈ ఉడుత వాల్మీకిలో లేదని, మన రంగనాథ రామాయణంలో ఉందని. అంటే మేం మాట్లాడే భాషలో పెరిగిన ఉడుతే. దాన్ని మాకు కానిదని ఎట్లా అనుకుంటాం?

మా ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. 'ఉడుత' అన్న మాట మా దాదీమా చెవికి 'ఉడ్తా' అని వినపడేది. ఉర్దూలో ఉడ్తా అంటే ఎగిరేది. "ఉడ్తా కాఁ హై రే? దీవార్ పే దౌడ్‌రా నా!" అని మమ్మల్ని కసిరేది. ఆమెకు అది గిలెహ్రీ. మేం పట్టుబట్టి ఉడుత అంటే, ఆమె పట్టుబట్టి కొంగు పైకెగరేసి "ఉడా!" అని నవ్వేది. నల్లమల లాంటి అడవుల్లో నిజంగానే చెట్టు మీంచి చెట్టు మీదికి గాలిలో తేలిపోయే పెద్ద ఉడుతలున్నాయి. వాటికి రెక్కలుండవు. ముందుకాలికీ వెనకకాలికీ మధ్య సాగే చర్మాన్ని గొడుగులా పరిచి జారతాయి. ఉర్దూలో వాటిని ఉడన్ గిలెహ్రీ అంటారు. ఈ సంగతి మాకు తెలిసేనాటికి దాదీమా లేదు. ఉంటే ఆ ఒక్క పందెం మేమే గెలిచేవాళ్ళం.

అయినా మేం చెప్పబోయేది ఆ ఎగిరేవాటి గురించి కాదు. మా చూరులో పుట్టి, మా పిల్లి నోట తల్లిని పోగొట్టుకుని, మా అమ్మీ చేతుల్లోకి వచ్చిన మూడు మామూలు ఉడుత పిల్లల గురించి.

అది 1992 డిసెంబరు 3, గురువారం. నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం మా ఊరు. తుర్కోల్ల ఇండ్లు పదిహేను దాకా ఉండేవి, అవి కూడా ఒక్క చోట కాదు. మాది గూనపెంకల ఇల్లు. అబ్బాకు బస్టాండు దగ్గర సైకిల్ టాక్సీ. గంటకింత అని సైకిళ్ళు కిరాయికిచ్చి, పంచర్లు అతికేవాడు. ఇంట్లో దాదీమా, అమ్మీ, అబ్బా, పిల్లలం ముగ్గురం, రెండు మేకలు, మున్నీ అనే పిల్లి.

ఆ పొద్దున మున్నీ ఉడుతను నోట కరుచుకుని నడింట్లోకి వచ్చింది. అప్పటికే అయిపోయింది. మేం అరిచి తరిమితే వదిలేసి పోయింది. అమ్మీ ఆ ఉడుతను తిప్పి చూసి, పొట్ట దగ్గర వెంట్రుకలు తడిగా అంటుకుపోయి ఉండటం గమనించింది. "బచ్చేవాలీ హై" అన్నది. పాలిచ్చే తల్లి. ఎక్కడో పిల్లలున్నాయన్నమాట. ముగ్గురు పిల్లలను కన్న మనిషికి అది చెప్పాల్సిన పని లేదు.

మధ్యాహ్నానికి చూరులోంచి సన్నటి కూత మొదలైంది. అబ్బా నిచ్చెనేసి, పెంకు పక్కకు జరిపి, కొబ్బరిపీచు, దూది, మా చింకి గుడ్డల పోగులు కలిపి కట్టిన గూడును అట్లాగే రెండు చేతులతో దించాడు. లోపల మూడు. చిటికెన వేలంత లేవు. వెంట్రుక లేదు, కళ్ళు తెరవలేదు, ఎర్రగా, పొట్ట లోపలి పేగుల నీడ బయటికి కనపడేంత పలచటి తోలు. మా ఆపా "ఛీ" అన్నది. తర్వాత అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆమెనే.

"మన పిల్లి చేసిన ఖూన్. మనమే సాకాలె" అన్నది అమ్మీ. దాదీమాకు ఆ మాట నచ్చలేదు. పిల్లి తన పని తాను చేసింది, దానికి పాపం లేదు, దాన్ని తిట్టొద్దు అన్నది. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన ఆడమనిషి జహన్నుమ్‌కు పోయిందనీ, దప్పిగొన్న కుక్కకు నీళ్ళు తోడి పోసిన మనిషిని అల్లా మన్నించాడనీ రెండు ముచ్చట్లు ప్రతి ముస్లిం ఇంట్లో పిల్లలు వింటూ పెరుగుతారు. ఆ రోజు దాదీమా మొదటిది చెప్పింది, అమ్మీ రెండోది చెప్పింది. చివరికి మున్నీని రెండు నెలలు ఫుప్పీ వాళ్ళింటికి పంపడానికి రాజీ కుదిరింది.

ఆ మొదటి రాత్రి మేం చేసినవన్నీ తప్పులే. ఎనుకింటి పెద్దమ్మ దగ్గర గ్లాసెడు బర్రెపాలు తెచ్చాం. పెద్దాడి సిరా ఫిల్లరు కడిగాం. పిల్లను మనిషి పిల్లలాగా ఒళ్ళో వెల్లకిలా పండబెట్టి, నోట్లో ఒక్కసారే పోశాం. పాలు ముక్కులోంచి బుడగలై వచ్చాయి. అది తుమ్మినట్టు చేసింది. ముద్దొచ్చి నవ్వుకున్నాం కూడా. డిసెంబరు చలి, గూనపెంకల ఇల్లు, అట్టపెట్టెలో పాత గుడ్డ. తెల్లారేసరికి దాని నోరు తెరుచుకుని ఉంది. మిగిలిన రెండింటికీ విరేచనాలు.

ఇప్పుడైతే ఎందుకట్లా అయిందో చెప్పగలం. చల్లబడ్డ పిల్లకు పాలు పోస్తే అరగవు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, తర్వాతే నోటికి ఏదైనా. బర్రెపాలు, ఆవుపాలు దాని పేగులకు పడవు. వెల్లకిలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ముక్కులోంచి బుడగ వచ్చిందంటే అప్పటికే ప్రమాదం మొదలైనట్టు. అప్పుడు మాకివేమీ తెలియవు. చచ్చిపోయినదాన్ని అగ్గిపెట్టెలో పెట్టి జాంచెట్టు కింద పాతాం. భాయ్ ఫాతిహా చదవాలా అని అడిగితే దాదీమా, అవి పుట్టుకతోనే పాపం లేనివి, వాటికి అక్కర్లేదు, మీకోసం చదువుకోండి అన్నది.

శుక్రవారం జుమా నమాజుకు పోయే ముందు అబ్బా పశువుల దవాఖాన కాంపౌండరును సైకిల్ మీద ఎక్కించుకుని వచ్చాడు. ఆయనకు బర్రెలు, గొర్లు తప్ప తెలియదని మేం అనుకున్నాం. ఆయన ఒక్కసారి చూసి అబ్బాను కాదు, అమ్మీని తిట్టాడు. "ముందుగాల సలి ఇడిపియ్యాలె తల్లీ. సల్లటి కడుపుల పాలు పోస్తరా? ఎల్లెలుకల పండవెట్టి పోస్తే ఎట్ల? మనిషి పిల్లనా అది? బోర్ల పట్టుకో. సుక్క వెయ్యి, మింగనియ్యి, మళ్ళ సుక్క వెయ్యి. మీ మేక పాలే పిండి, మీగడ తీసి, కాగిన నీళ్ళు సగం కలుపు. పాలు తాగినంక గోరువెచ్చటి నీళ్ళల్ల దూది ముంచి కిందంగ తుడువు. తల్లి నాకుతది గద, అట్ల తుడిస్తెనే అవి ఉచ్చ పోస్తయి. లేకుంటె కడుపుబ్బి చస్తయి." ఈ ఆఖరి సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఎన్ని పాలు పోసినా, ఆ తుడిచే పని చేయకపోతే పిల్ల దక్కదు.

ఎంతసేపటికోసారి పోయాలని అమ్మీ అడిగింది.

"రెండు గంటలకోపారి. రాత్రి సుత."

అక్కడి నుంచి మా ఇల్లు పిల్లల దవాఖాన అయింది. ఫిల్లరు మూతి వాటి నోటికి పెద్దదవుతుంటే అబ్బా దుకాణం నుంచి సైకిల్ వాల్‌ట్యూబు తెచ్చి, అంగుళం ముక్క కోసి దాని కొసకు తొడిగాడు. ఆ సన్నటి రబ్బరు ముక్కను అవి తల్లి రొమ్మనుకుని పట్టుకునేవి. ఎన్ని వేల పంచర్లు అతికినా మా అబ్బా తన పనితనానికి అంత మురిసిపోయింది ఎప్పుడూ చూడలేదు. ఖాళీ రూహఫ్జా సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, అబ్బా మంకీ టోపీలో పెట్టి, దాన్ని ఆనుకుని రెండు పిల్లల్నీ పండబెట్టేవాళ్ళం. సీసా చల్లారితే అవి కూసేవి. రెండు గంటలకోసారి అమ్మీ లేచి, నలభై వాట్ల బల్బు వేసి, గ్యాసునూనె స్టవ్వు పంపు కొట్టి, నీళ్ళు కాచి, పాలు వెచ్చబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి, బోర్లా, చుక్కచుక్కగా.

ఆమెకు ఇంకో బాధ కూడా ఉండేది. పిల్లలు ఒడిలోనే ఉచ్చ పోసేవి. ఆ బట్టతో నమాజు కాదు. రోజుకు ఐదు పూటలా బట్టలు మార్చుకోవడానికి ఆమెకున్నవి మొత్తం నాలుగు జతలు. చివరికి ఒక పాత ఓఢ్నీని ఉడుతల ఓఢ్నీ చేసి, దాన్ని దండెం మీద విడిగా ఆరేసేది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే కోప్పడేది. ఏది పాక్, ఏది నాపాక్ అని అంత పట్టింపు ఉన్న మనిషి, ఆ ఓఢ్నీ కప్పుకుని గంటలు గంటలు కూర్చునేది.

ఆదివారం వచ్చింది. 1992 డిసెంబరు 6.

ఆ రోజు గురించి మీకు మేం చెప్పాల్సింది లేదు. రాత్రి అబ్బా రేడియోలో బీబీసీ ఉర్దూ పెట్టాడు. మా వాడలోని నలుగురు మగవాళ్ళు వచ్చి గోడకానుకుని కూర్చున్నారు. వార్తలయ్యాక ఎవరూ లేవలేదు, ఎవరూ మాట్లాడలేదు. అంతకు రెండేళ్ళ కింద, 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో పోయిన ప్రాణాల సంగతి ఇంకా మా ఇళ్ళల్లో గుసగుసగానే చెప్పుకునేవాళ్ళం. అక్కడ మా ఖాలా ఉంటుంది. అమ్మీ ఏం చేస్తున్నదో మాకు గుర్తుంది. వంటింటి గడప మీద కూర్చుని ఒక పిల్లకు పాలు పడుతున్నది. ఆమె చేయి వణికి రెండు చుక్కలు ఒకేసారి పడ్డాయి. వెంటనే తల కిందికి వంచి, ముక్కు తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది.

సోమవారం దుకాణాలు తీయలేదు. బస్టాండులో పోలీసులు. బడికి పోవద్దన్నారు. ఎనుకింటి పెద్దమ్మ గోడ మీంచి కూరగాయలు అందిచ్చింది గానీ, ఎప్పటిలాగా మాట కలపలేదు. ఆమె భయం ఆమెది. మా భయం మాది. రెండు భయాలూ ఒకటి కావని పన్నెండేళ్ళకే మాకు తెలిసిపోయింది.

మంగళవారం పొద్దున ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు.

"ఏం సాయెబూ, రాత్రంత లైటేసుకుంటున్నరట. రెండు గంటలకోపారి ఎలుగుతదట, ఆరుతదట. ఎవరొస్తున్నరు మీ ఇంటికి?"

అబ్బా ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అన్నాడు. "ఎవరు రాలేదు సార్. ఉడుత పిల్లలకు పాలు పోస్తున్నం."

"ఏందీ?"

"ఉడుత పిల్లలు సార్."

ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు మారింది. "మంచిగ చెప్పు."

అబ్బా లోపలికి తిరిగి అమ్మీని పిలవలేదు. ఆయనే వెళ్ళి మంకీ టోపీ తెచ్చి, రెండు చేతుల్లో పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడ్డాడు. రూహఫ్జా సీసా పక్కకు జరిపాడు. వెలుతురు పడగానే అవి కదిలి, నోళ్ళు తెరిచి వెతుక్కున్నాయి. పెద్ద కానిస్టేబుల్ వంగి చూశాడు. చాలాసేపే చూశాడు. "ఇవి బతుకుతయా?" అని అడిగాడు. చిన్నాయన నవ్వి, "పెంచి కోసుకుంటరా ఏంది?" అన్నాడు. పెద్దాయన నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో మాకు తెలియదు. లైటు ఎందుకో రాయాలి కదా, ఉడుతలనే రాసి ఉంటాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక మేం పిల్లలం నవ్వుకున్నాం. అబ్బా ఆ రోజు అన్నం తినలేదు. ఎవరు చెప్పి ఉంటారన్న మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. చాలా కాలం తర్వాత, మేం ఉద్యోగాల్లో కుదురుకున్నాక ఒకసారి మాత్రం అన్నాడు: "ఆ పిల్లలు లేకుంటె ఏం చూపించెటోణ్ణి?" నిజమే. ఆ రాత్రి పసిపిల్లకు జ్వరం వచ్చి లైటేసుకుంటే? పరీక్షకు చదువుకుంటుంటే? భయంతో నిద్రపట్టక లేచి కూర్చుంటే? చేతుల్లో పెట్టి చూపించడానికి వాటికి ఒళ్ళుండదు, కూత ఉండదు.

ఆ సాయంత్రం అబ్బా కిటికీకి చద్దరు కట్టాడు. రాత్రి లైటు వేసే ముందు ఆ చద్దరు సర్దడం మా ఇంట్లో పని అయింది. ఆ ఫిబ్రవరి ఆఖర్లో రంజాన్ వచ్చింది. సహ్రీకి లేచినప్పుడు కూడా ముందు చద్దరు, తర్వాతే దీపం.

ఆ పిల్లల తోలు మీద వెంట్రుక రాకముందే చారలు కనపడ్డాయి. ముందు తోలు రంగు మారింది, గులాబీ పోయి బూడిద కమ్మింది. ఆ బూడిదలో వీపు పొడుగునా సన్నగా, నీడలాగా మూడు గీతలు. వాటికోసం మేం రోజూ చూస్తున్నాం. దానికో కారణముంది. గూడు దించిన రోజునే ఆపా అమ్మీని అడిగింది, "మనింట్ల పెరిగితె గీతలొస్తయా అమ్మీ?" అని. అడిగింది ఆపా గానీ ఆ సందేహం మా ముగ్గురిదీ. అమ్మీ జవాబు చెప్పలేదు. గీతలు కనపడ్డ రోజు ఆపా మంకీ టోపీ ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. "ఆయీఁ! ఆయీఁ!" అబ్బా చూసి, ఉత్తరాదిన ఎక్కువగా ఉండే ఉడుతకు ఐదు చారలుంటాయని ఎవరో లారీ డ్రైవరు చెప్పాడని అన్నాడు. అది నిజమేనని తర్వాత పుస్తకాల్లో చదివాం. అక్కడ రాముడు మూడు వేళ్ళతో కాకుండా చేయంతా పెట్టి నిమిరాడేమో అన్నాడు భాయ్. దాదీమా వాడి నోరు మూయించింది. ఒకరి పెద్దల మీద హాస్యమాడొద్దు అన్నది.

డిసెంబరు ఆఖరి వారంలో కళ్ళు తెరిచాయి. ముందు ఒకటి, రెండు రోజులకు రెండోది. అవి మొదట చూసింది అమ్మీ ముఖమే అయి ఉండాలి.

బళ్ళు తెరిచాక తెలుగు సారు వారధి పాఠం మొదలుపెట్టాడు. మేం ఆగలేక లేచి, మా ఇంట్ల రెండున్నయి సార్ అన్నాం. వెనక బెంచీలోంచి ఒకడు "తుర్కోల్లు ఉడుతల సుత ఇడిసిపెట్టరార!" అన్నాడు. క్లాసు నవ్వింది. సారు వాణ్ణి కొట్టాడు. మంచివాడే. కొట్టి, మా వైపు తిరిగి ఎంతో ప్రేమగా, "ఉడుతాభక్తి అంటే అదే నాయనా. చిన్నదైనా దేశానికి తన వంతు చెయ్యాలె. మీరు సుత చెయ్యాలె" అన్నాడు. 'మీరు సుత' అన్న మాట దగ్గర ఆయన ఆగలేదు, మేం ఆగిపోయాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. 1989లో మా ఊళ్ళోంచి ఇటుకలు ఊరేగింపుగా పోయినప్పుడు మేం గోడ సందులోంచి చూశాం. వారధి ఎవరు కడుతున్నారో, ఎవరి మీదుగా కడుతున్నారో అడిగే హక్కు ఉడుతకు ఉండదు. ఇసుక దులిపి, వీపు వంచి నిలబడాలి. నిమిరితే గుర్తు పడుతుంది. ఆ గుర్తు చూపించుకుంటూ తిరగాలి.

ఈ ముచ్చట కొన్నేళ్ళ కింద ఒక సభలో చెబితే ఒక మిత్రుడు లేచి కళ్ళు తుడుచుకున్నాడు. రాముడి ఉడుతను ముస్లిం తల్లి సాకిందనీ, ఇంతకంటే గొప్ప మతసామరస్యం ఏముంటుందనీ అన్నాడు. ఆయన మనసు మాకు తెలుసు, అందుకే అక్కడ ఏమీ అనలేదు. ఇక్కడ అంటాం. అమ్మీ సాకింది రాముడి ఉడుతను కాదు. ఆమె సాకింది తన పిల్లి తల్లిని చంపేసిన పిల్లలను. ఆ మాత్రం పనికి కూడా ఎవరిదో ముద్ర వేసి తప్ప మీరు మెచ్చుకోలేరా?

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మాంసం తినేవాళ్ళకు జాలేముంటుందని మమ్మల్ని ఎన్నోసార్లు అడిగారు, నవ్వుతూ అడిగినవాళ్ళే ఎక్కువ. ఆ రెండు పిల్లలూ తాగింది మా మేక పాలు. అదే మేక కన్న పోతుపిల్లను ఆ ఏడు బక్రీదుకు ఖుర్బానీ ఇచ్చాం. దానికీ మేమే ఆకులు మేపాం, దాని మెడకు ఆపానే గంట కట్టింది, ఆ రోజు ఆపా ఎనుకింట్లో దాక్కుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే చేతులతో జరిగాయి. ఒకటి చూపించి రెండోది దాచిపెట్టి మంచివాళ్ళమనిపించుకోవడం మాకిష్టం లేదు.

పిల్లలు ఏమయ్యాయో చెప్పలేదు కదా. జనవరిలో పళ్ళతో కొరకడం మొదలైంది. నానబెట్టిన పల్లీలు, రొట్టె అంచులు, జామకాయ. పల్లీలంటే ప్రాణం పెట్టేవి, మేం అవే పెట్టేవాళ్ళం. అది ఇంకో తప్పు. ఎముకలకు సున్నం చాలక చిన్నదానికి వెనక కాళ్ళు ఈడ్చడం వచ్చింది. కాంపౌండరు ఏదో మందు చుక్కలిచ్చాడు, కొంత నయమైంది గానీ చెట్టెక్కే సత్తువ రాలేదు. పెద్దదాన్ని ఫిబ్రవరిలో జాంచెట్టుకు అట్టపెట్టె కట్టి అలవాటు చేశాం. మొదట్లో చీకటి పడగానే అమ్మీ ఓఢ్నీలోకి వచ్చేది. తర్వాత పెట్టెలోనే పండుకునేది. తర్వాత పెట్టె ఖాళీ. కాళ్ళు ఈడ్చేది మాత్రం దాదీమా మంచం కోడు పక్కన, ఆమె పాన్‌దాన్ చుట్టూ తిరుగుతూ ఏడాదిన్నర బతికింది. "ఉడ్తా" అని పిలిస్తే తల ఎత్తేది. ఎగరడం కాదు గదా, ఎక్కడం కూడా రాని దానికి ఆ పేరే ఖాయమైపోయింది.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. 2024 మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు మేముండే అపార్ట్‌మెంటు ముందు చెట్టు కొమ్మ విరిగి, గూడు పడిపోయింది. మా పాప రెండు పిల్లల్ని గౌనులో వేసుకొచ్చింది. ఈసారి మాకు తెలుసు. వెంటనే సాకడం కాదు చేయాల్సింది. ఆ పిల్లలకు అందరికంటే మంచి దాది వాటి తల్లే. గోరువెచ్చటి నీళ్ళ సీసాతో పిల్లల్ని వెచ్చబరిచి, ఎత్తు తక్కువ పెట్టెలో పెట్టి, ఆ చెట్టు మొదట్లోనే ఉంచి, పిల్లులు రాకుండా దూరం నుంచి కాపలా కాశాం. మనిషి చేయి తగిలితే తల్లి ముట్టదన్నది వట్టి మాట. గంట తర్వాత అది వచ్చింది. ఒకదాన్ని పొట్ట దగ్గర నోటితో పట్టుకుంటే, ఆ పిల్ల తల్లి మెడ చుట్టూ చుట్టుకుంది. అట్లాగే గోడ మీంచి పరుగెత్తింది. పైనుంచి ఎవరో ఫోనులో వీడియో తీశారు. రెండోదాని కోసం ఎదురుచూశాం. చీకటి పడింది, మళ్ళీ వాన మొదలైంది. తల్లి రాలేదు.

రెండోదాన్ని ఇంట్లోకి తెచ్చాం. తెల్లారితే జంతువులను కాపాడే సంస్థ వాళ్ళకు అప్పగించాలనుకున్నాం. ఇది అడవి ప్రాణి, పెంచుకునేది కాదు. ఆ ఒక్క రాత్రికి అన్నీ ఉన్నాయి. కుక్కపిల్లల పాలపొడి, సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి, ఒళ్ళు వెచ్చబడ్డాక ముందుగా పట్టడానికి ఓఆర్‌ఎస్ నీళ్ళు. మా పాప గూగుల్‌లో అన్నీ చదివింది. అమ్మీకి అరవై ఐదు దాటాయి, మాతోనే ఉంటుంది. సిరంజిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్మే వాల్‌ట్యూబ్ నహీఁ లగానా?" అని అడిగింది. అబ్బా పోయి అప్పటికి నాలుగేళ్ళు.

రాత్రి రెండింటికి పిల్ల కూసింది. మా పాప లేచి స్విచ్చు మీద చేయి వేసింది. పక్క గదిలోంచి, నిద్ర గొంతుతోనే, అమ్మీ అన్నది:

"పహ్లే పర్దా ఖీంచో బేటా."

"క్యోఁ దాదీ?" అని అడిగింది మా పాప. మేం లేచి వెళ్ళి కిటికీ పరదా వేసి, లైటు వేశాం.